బోరు మోటరు రాక్షసుడు

ఇప్పటి పిల్లలకు సినిమా అంటే జేబులో ఉండే వస్తువు. మా చిన్నతనంలో అది పండక్కి ఇంటికొచ్చే చుట్టం. వీసీపీ అనే పెట్టెను కిరాయికి తెచ్చుకుని, మోసుకొచ్చిన మనిషికి మంచినీళ్లిచ్చి, అతను టీవీకి వైర్లు తగిలిస్తుంటే ఊపిరి బిగబట్టి చూసేవాళ్లం. బొమ్మ పడితే చాలు, బాగా పడాలని కూడా అడిగేవాళ్లం కాదు. అలా చూసిన వాటిలో, నా లెక్కన లోకంలోకెల్లా గొప్ప సినిమా ఒకటుండేది. దాని అసలు పేరు నాకు ముప్పై ఏళ్లపాటు తెలియదు (క్యాసెట్ మీది కాగితం ఎప్పుడో ఊడిపోయింది). మేం ఎగిరే మంచం సినిమా అనేవాళ్లం. ఒక రాజు, రాణి, వాళ్లిద్దరి పిల్లలూ పందిరిమంచమెక్కి ఆకాశంలో తిరుగుతుంటారు. వాళ్ల రాజ్యంలో కరువొస్తుంది. ఎక్కడో కొండ మీద నీళ్ల బావి, దానికి కాపలాగా ఓ రాక్షసుడు. ఆ రాక్షసుడు చాలా మంచివాడనీ, మా ఓనరు మామయ్య భాషే మాట్లాడతాడనీ, చివర్లో కాళ్లు నొప్పెట్టి పడుకుంటాడనీ నేను మొన్నమొన్నటి దాకా నమ్మాను. ఈ నమ్మకం ఎలా కలిగిందో చెప్పాలంటే ముందు మా ఇంటి బోరు మోటరు సంగతి చెప్పాలి.

అప్పుడు మేం హైదరాబాదు దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండేవాళ్లం. నాన్నది రాజమండ్రి వైపు. కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పడానికి వచ్చి ఒక ఇంటి వెనక వాటాలో అద్దెకు దిగాడు. ముందు వాటాలో ఇంటివాళ్లు. వాళ్లది బడంగ్‌పేట్, అప్పటికి అది ఇంకా పల్లెటూరే. ఆయన్ని ఓనరు మామయ్య అనీ, ఆవిణ్ణి ఓనరత్త అనీ పిలిచేదాన్ని. వాళ్లమ్మాయి చిట్టిదీ నాదీ ఒకటే తరగతి, ఒకటే రిబ్బన్ (చెరో సగం కోసుకున్నాం). పొద్దున లేస్తే నేను వాళ్లింట్లో, అది మా ఇంట్లో. అంతా బాగానే ఉండేది గానీ, మోటరు స్విచ్చి మాత్రం మామయ్య వరండాలో ఓ చెక్కపెట్టెలో ఉండేది. పెట్టెకు తాళం, తాళంచెవి ఆయన మొలతాడుకు. పొద్దున్నే మోటరు వేసేవాడు, ట్యాంకు సగం కాగానే ఆపేసేవాడు. మళ్లీ మర్నాడే. గోదావరి గట్టున పుట్టి పెరిగిన మా నాన్నకు చెంబులు లెక్కపెట్టుకుంటూ స్నానం చేయడం చేతనయ్యేది కాదు. "నీళ్లకి తాళం వేసిన ఊరు ఇదొక్కటే చూశాను" అంటూ ఒంటినిండా సబ్బు నురగతో బాత్రూంలోంచే ఉపన్యాసం మొదలుపెట్టేవాడు.

ఆషాఢంలో, మా పేటలో బోనాలు ఇంకో వారం ఉన్నాయనగా, అమ్మకు జ్వరమొచ్చింది. ఒళ్లు పెనంలా కాలిపోతోంది. నుదుటి మీద తడిగుడ్డ వేద్దామంటే బిందెల్లో చుక్క లేదు. ఆ వేళ మామయ్య పెట్టెకు తాళం వేయడం మరిచి ఊరికి పోయాడు. నాన్న వెళ్లి మోటరు వేశాడు. వేశాడు గానీ, అమ్మ పక్కన కూర్చుని గుడ్డలు మారుస్తూ ఆపడం మరిచాడు. ట్యాంకు పొంగి, నీళ్లు మెట్ల మీదుగా దిగి, సందులోంచి రోడ్డెక్కాయి. సరిగ్గా అప్పుడే మామయ్య ఊరి నుంచి వచ్చి, లుంగీ పైకెత్తి పట్టుకుని ఆ నీళ్లలోంచే నడుచుకుంటూ మా గుమ్మం ముందు నిలబడ్డాడు. "ఏంది సార్, గోదారిని ఈడికే తెచ్చుకున్నరా?" అన్నాడు. అమ్మకు జ్వరమని ఒక్కమాట చెబితే సరిపోయేది. నాన్నకు నామోషీ. పైగా, "మాది నీళ్లు కొలుచుకుని వాడే వంశం కాదండీ" అన్నాడు. మామయ్య మొహం ఎర్రబడింది. "గట్లయితె నీళ్లున్న కాడికే పోండ్రి. ఒచ్చే నెల ఇల్లు ఖాళీ చెయ్యుండ్రి" అని వెళ్లిపోయాడు. మర్నాడే నాన్న స్కూటరేసుకుని తుర్కయంజాల్ వైపు ఇల్లు చూసొచ్చాడు. తుర్కయంజాల్ అంటే అప్పుడు మాకు వేరే దేశం కిందే లెక్క. నేనూ చిట్టీ మెట్ల కింద కూర్చుని ఏడ్చాం. "ఒకింట్ల అన్నదమ్ములను చూసి పెండ్లి చేసుకుందామే, అప్పుడెవ్వడు ఖాళీ చెయ్యమంటడో చూద్దాం" అంది చిట్టి. అంతకన్నా మంచి ఉపాయం నాకూ తోచలేదు. అప్పటిదాకా ఎలా బతకాలన్నదే నా బెంగ.

బోనాల ఆదివారం వచ్చింది. మగవాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు. ఓనరత్త మాత్రం బోనమెత్తి, గుడికి పోయొచ్చి, వచ్చిన చుట్టాలందరికీ అన్నాలు పెట్టి, మా గుమ్మంలోకొచ్చి అమ్మ చెయ్యి పట్టుకుంది. "వాళ్ల లొల్లి వాళ్లది, పిల్లలేం జేసిండ్రు? వీసీపీ తెప్పిచ్చిన, పా" అంది. అమ్మ, నేను వెళ్లాం. నాన్న పేపరు అడ్డం పెట్టుకుని వంటింటి కిటికీ దగ్గరే కుర్చీ వేసుకున్నాడు. ఆ కిటికీకీ వాళ్ల హాలుకూ మధ్య సన్నటి సందే అడ్డం (ఆ కుర్చీ అంతకు ముందెప్పుడూ వంటింట్లోకి రాలేదని గమనించగలరు). హాలునిండా జనం. వీసీపీ మనిషి వైర్లు తగిలించి, క్యాసెట్ పెట్టి, ఇంకో ఇంటికి వెళ్లిపోయాడు. బొమ్మ పడింది. మంచం ఎగిరింది. రాజు నోరు తెరిచాడు. మాట రాలేదు.

మామయ్య లేచి టీవీకి ఒకటి అంటించాడు (ఆ రోజుల్లో టీవీకి అదే వైద్యం). రెండోది వేస్తే బొమ్మ కూడా వణికింది గానీ గొంతు మాత్రం పెగల్లేదు. పిల్లలందరం ఒక్కసారిగా ఏడుపందుకున్నాం. నా ఏడుపు అందరికన్నా ఎక్కువ, ఎందుకంటే ఆ ఇంట్లో అదే నా ఆఖరి సినిమా. ఓనరత్త మొగుడివైపు చూసి, "ఊర్ల బాగోతంల రాక్షసుని ఏషం కట్టినోనివి గదా, నువ్వే చెప్పరాదు ముచ్చట" అంది. అప్పుడే తెర మీద రాక్షసుడు బావిలోంచి లేచాడు. మామయ్య గొంతు సవరించుకుని, "ఎవడ్రా నువ్వు? నా బాయికాడికి ఎవడు రమ్మన్నడు నిన్ను?" అని గర్జించాడు. మా ఏడుపు ఠక్కున ఆగిపోయింది. రాజు చేతులు జోడించాడు. మామయ్య గొంతు సన్నం చేసి, నాన్న యాసలోనే, "నాకండీ, పొద్దున్నొక పది బిందెలు, సాయంత్రమొక పది బిందెలు కావాలండీ, మాది వంశమండీ" అన్నాడు. హాలంతా పగలబడి నవ్వింది. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. సందు అవతల పేపరు మడిచిన చప్పుడు వినిపించింది.

నాన్న చెప్పుల్లేకుండా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. కాలేజీ రోజుల్లో పద్యనాటకాలాడిన మనిషి, రాజుకు జరిగిన అవమానం తట్టుకోలేకపోయాడు. "రాజనేవాడు అలా మాట్లాడడు" అని, టీవీ పక్కకొచ్చి నిలబడి రాగం తీశాడు. "ఓరీ రాక్షసా, దాహమన్నవాడికి నీళ్లివ్వని నువ్వెక్కడి బావి యజమానివి?" మామయ్య ఊరుకుంటాడా? "నీళ్లియ్య అన్ననా? పొద్దుగాల ఏస్తున్న గదా మోటరు!" బావి రాక్షసుడికి మోటరెక్కడిదని ఎవ్వరూ అడగలేదు. తెర మీద రాజు రాణి బుగ్గ నిమురుతుంటే నాన్న ట్యాంకు సగమే నిండడం గురించి నిలదీస్తున్నాడు. రాక్షసుడు పూలవనంలో ఒంటరిగా నడుస్తుంటే మామయ్య కరెంటు బిల్లు గురించి అరుస్తున్నాడు. మధ్యలో రాణి మంచం మీద పడుకుంది, రాజు ఆమె నుదుటి మీద చెయ్యి వేశాడు. అందాకా ధాటిగా సాగిన నాన్న అక్కడ తడబడ్డాడు. రాగం పోయింది. "ఆ వేళ నా భార్యకి జ్వరం. గుడ్డ తడపడానికి నీళ్లు లేవు. అందుకే వేశాను. కంగారులో ఆపడం మరిచిపోయాను" అన్నాడు, తెరవైపే చూస్తూ.

హాల్లో అందరూ మా అమ్మను చూశారు. అమ్మ నేలచూపులు చూసింది. రాక్షసుడు తెర మీద విరగబడి నవ్వుతున్నాడు గానీ మామయ్య నవ్వలేదు. "గా ముచ్చట నాకెందుకు చెప్పలే?" అన్నాడు మెల్లగా. తనే మళ్లీ అందుకున్నాడు. "నాకు మాత్రం శౌకా తాళమేసుడు? బోర్ల నీళ్లు అడుగంటినయ్. రేపు బోరెండితె నీ ఇంట్లనూ నా ఇంట్లనూ ఏం తాగుతరని బుగులు. పండుకుంటె నిద్ర రాదు." నాన్న ఏదో అనబోయాడు. ఈలోగా తెర మీద రాజు కత్తి దూశాడు. చిట్టి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. రాజు కత్తి ఎత్తాడు, నాన్న గబగబా, "ఇది కత్తి కాదర్రా, విసనకర్ర. ఉక్కపోస్తోంది గదా, రాక్షసుడికి విసురుతున్నాను" అన్నాడు. రాజు పొడిచాడు. రాక్షసుడు దబ్బున పడ్డాడు. పిల్లలం కెవ్వుమనేలోపు మామయ్య, "నేను సావలే, పండుకున్న. పొద్దుగాల్నుంచి బోనాలని తిరిగి తిరిగి కాళ్లు గుంజుతున్నయ్" అన్నాడు. మా ప్రాణాలు కుదుటపడ్డాయి.

చివర్లో రాజు పెళ్లాం పిల్లలతో మంచమెక్కాడు. మంచం నిండా మూటలు. మూటలు చూసి నాకు మళ్లీ ఏడుపొచ్చింది. మంచం పైకి లేస్తుండగా, పడుకున్న రాక్షసుడి గొంతు వినపడింది. "యాడికి పోతున్నవ్? ఉండు." మంచం మబ్బుల్లోకి వెళ్లిపోతూనే ఉంది. నాన్న తెరకు ఇంకాస్త దగ్గరగా జరిగాడు. "మంచం తిప్పుతున్నాం. ఆ మలుపు దాటగానే వెనక్కే" అన్నాడు. సినిమా అయిపోయింది. తుర్కయంజాల్ ఇంటి మాట మా ఇంట్లో మళ్లీ రాలేదు. మర్నాటి నుంచి చెక్కపెట్టెకు తాళం వేయడం మానేశాడు మామయ్య. నాన్న కూడా చెంబులు లెక్కపెట్టుకునే స్నానం చేయడం మొదలుపెట్టాడు, ఉపన్యాసం మాత్రం మానలేదు. చిట్టి పెళ్లయి వెళ్లేదాకా ఆ వెనక వాటాలోనే ఉన్నాం.

ఇప్పుడు మేం ఎల్బీనగర్లో ఫ్లాటులో ఉంటున్నాం. అమ్మానాన్నా మా దగ్గరే. ఓనరు మామయ్య దిల్‌సుఖ్‌నగర్ ఇల్లు అపార్ట్‌మెంటుకిచ్చేసి బడంగ్‌పేట్ చేరాడు. ఓనరత్త పోయాక మనిషి బాగా తగ్గాడు. మొన్న మా అమ్మాయి ఫోన్లో ఏదో వెతుకుతూ ఎగిరే మంచం సినిమాను పట్టుకుంది. నాకు కాళ్లు నేల మీద నిలవలేదు. బోనాల ఆదివారం నాటికి చిట్టికి కబురుపెట్టి మామయ్యను తీసుకురమ్మన్నాను. ఆగలేక ముందురోజే ఒక్కదాన్నీ కూర్చుని చూశాను కూడా. చూడకపోయినా బాగుండేది. మంచానికి కట్టిన తాళ్లు కనపడుతున్నాయి. మబ్బులు దూదివి. రాక్షసుడు పరమ దుర్మార్గుడు, గ్రాంథికంలో తిడతాడు. రాజు వాణ్ణి నిజంగానే చంపి, వెనక్కి తిరిగి చూడకుండా ఎగిరిపోయాడు. నడివయసుకొచ్చిన దాన్ని, ఒక అట్టముక్కల రాక్షసుడి కోసం ముక్కు చీదుకుంటూ కూర్చున్నాను. మా ఆయన ఏమైందని అడిగితే జలుబన్నాను.

ఆదివారం అందరూ వచ్చారు. మామయ్యకు చెవులు పూర్తిగా పోయాయి. మిషనుంది గానీ, పెట్టుకుంటే బుర్రలో ఈగలు తిరుగుతాయని జేబులో పెట్టుకుని తిరుగుతాడు. సినిమా మొదలైంది. బావిలోంచి రాక్షసుడు లేచి, "ఎవ్వడవురా నీవు" అని గ్రాంథికం ఎత్తుకున్నాడు. సోఫాలోంచి అంతకన్నా పెద్ద గొంతు, "ఎవడ్రా నువ్వు? నా బాయికాడికి ఎవడు రమ్మన్నడు నిన్ను?" అంది. మా అమ్మాయి ఉలిక్కిపడింది. ఆయనకు టీవీలో మాటలేవీ వినపడటం లేదు. మళ్లీ ఆ రోజు లాగే గొంతు పోయిన సినిమా అది. నాన్న మనవరాలి చేతిలోంచి రిమోటు లాక్కుని టీవీ నోరు మూయించాడు (ఏ మీట నొక్కాలో ఏళ్లుగా చెబుతున్నా రాని మనిషికి ఆ ఒక్క మీటా ఎలా దొరికిందో). "ఓరీ రాక్షసా" అని రాగం తీశాడు, దగ్గొచ్చింది. తర్వాతి మాట మరిచిపోతే వంటింట్లోంచి అమ్మ అందించింది. కత్తి లేచింది, విసనకర్ర అయింది. "నేను సావలే, పండుకున్న" అన్నాడు మామయ్య, అని నిజంగానే సోఫాలో ఒరిగి నిద్రపోయాడు. ఇక తెర మీద మంచం లేచింది. నాన్న మామయ్య వైపు చూశాడు. "ఉండు" అనేవాళ్లు లేకుండానే మంచం మబ్బుల్లో కలిసిపోయింది.

"రాక్షసుడు చచ్చిపోయాడా, అమ్మమ్మా?" అని మా అమ్మాయి అడుగుతుంటే చిట్టి ఫోను మోగింది. "నాయినా, లే, కారొచ్చింది" అని తండ్రిని కుదిపింది. మామయ్య లేచి కాలితో చెప్పులు వెతుక్కుంటున్నాడు. ఇన్నేళ్ల హైదరాబాదు కాపురంలో నాన్న నోటెంట ఒక్క ఇక్కడి మాట రాగా నేను వినలేదు, అంత పట్టుదల మనిషి. ఆయనే లేచి వెళ్లి మామయ్య భుజం మీద చెయ్యి వేశాడు. "యాడికి పోతున్నవ్? ఉండు" అన్నాడు. మామయ్యకు వినపడలేదు. "ఏంది సార్?" అన్నాడు. నాన్న ఆయన చెవి దగ్గర నోరు పెట్టి, పక్క ఫ్లాటుకు వినపడేలా మళ్లీ అన్నాడు. మామయ్య ఆయన మొహంలోకి కాసేపు చూసి, చెప్పులు పక్కకు జరిపి, మళ్లీ కూర్చున్నాడు. చిట్టి కారును పంపించేసింది. నేను వంటింట్లోకి వెళ్లి ఇంకో గ్లాసు బియ్యం పోసి కడిగాను. ఆ మెట్ల కింద ఏడ్చిన పిల్ల గుర్తొచ్చి నవ్వొచ్చింది, ఎవరూ చూడకుండా కళ్లు తుడుచుకున్నాను. తర్వాత, ఆ ఇంట్లో అబ్బిన అలవాటు కొద్దీ, చుక్క కూడా కారకుండా కుళాయి గట్టిగా కట్టేశాను.