అక్కకు చెప్పని మెసేజీ

బడిపిల్లల యూనిఫారాలు కుట్టే ఆ దుకాణాన్ని ఇద్దరు తోడికోడళ్ళు నడుపుతున్నారు. పెద్దామె కత్తిరిస్తుంది, చిన్నామె కుడుతుంది. పదహారేళ్ళుగా గడపలోకి వచ్చిన ప్రతివాళ్ళూ "పెద్దావిడ లేరా?" అని అడిగేవారే తప్ప, మిషను ముందు తల వంచుకుని కూర్చున్న చిన్నామెను పలకరించినవారు తక్కువ.

అలాంటి రోజుల్లో మిషన్ల కంపెనీ ఒకటి, కొత్త రకం కుట్టు నేర్పిస్తామని, దుకాణానికి ఇద్దరు చొప్పున విదేశంలోని తమ ఫ్యాక్టరీకి పిలిచింది. ఖర్చంతా వాళ్ళదే. పెద్దామె ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

"మూడు రోజులు పని నేర్చుకోవడం, నాలుగో రోజు ఊరు తిరగడం! ఒక్క పూటైనా కాలు మీద కాలు వేసుకుని, ఎవరో కలిపిచ్చిన కాఫీ తాగుదామే," అంది.

పాస్‌పోర్టు చిన్నామెకు ముందే వచ్చింది. పెద్దామెది బటన్ల ఫోను కాబట్టి ఆమె దరఖాస్తులోనూ చిన్నామె నంబరే రాశారు. ఒక మధ్యాహ్నం మెసేజీ వచ్చింది. పెద్దామెను గురువారం పదింటికి కాగితాలతో పాస్‌పోర్టు ఆఫీసుకు రమ్మని. చిన్నామె చెబుదామనే నోరు తెరిచింది. అంతలో ఎవరో గడపలో నిలబడి, "పెద్దావిడ లేరా?" అన్నారు. ఆమె ఫోను బోర్లించి బల్ల మీద పెట్టేసింది.

గురువారం వచ్చింది, వెళ్ళింది. "ఇంకా రాలేదేమిటే?" అని అక్క రోజూ అడిగేది. "ఆఫీసు పనులు కదక్కా, నిదానం," అనేది ఈమె. ఇంకో తేదీ దొరకకముందే టిక్కెట్ల గడువు దాటిపోయింది. పెద్దామె ఒక పూటంతా కత్తెర పట్టలేదు. తర్వాత, "పోనీలే, ఇద్దరం పోతే దుకాణం ఎవరు చూస్తారు?" అని తనకు తానే సర్దిచెప్పుకుని, ప్రయాణం కోసం కొనుక్కున్న కొత్త చెప్పులు తెచ్చి చిన్నామె పెట్టెలో పెట్టింది. అవి ఈమె పాదానికి అరంగుళం పెద్దవి.

నాలుగో రోజు ఉదయం ఆ పరాయి ఊళ్ళో చిన్నామె ఆ చెప్పులు టపటపలాడించుకుంటూ ఒక కాఫీ దుకాణానికి వెళ్ళింది. కిటికీ పక్కన గుండ్రటి బల్ల, దాని మీద గాజు గ్లాసులో ఒకే ఒక్క పువ్వు. కాలు మీద కాలు వేసుకుంది. చెప్పు జారి కింద పడింది. వంగి తొడుక్కుని, మళ్ళీ కాలు వేసుకోలేకపోయింది. కాఫీ సగంలోనే వదిలేసి వీధి చివరి దుకాణానికి మారింది, అక్కడైనా రుచిస్తుందేమోనని. అక్కడా రుచించలేదు. అప్పుడే ఫోను మోగింది.

"ఏమే, దర్జాగా కూర్చున్నావా?"

"కూర్చున్నానక్కా."

"కాఫీ ఎలా ఉంది?"

"బావుందక్కా."

"నా వంతు కూడా తాగు మరి!" అని అక్క పకపకా నవ్వింది. చిన్నామెకు ఆ నవ్వు చెంపదెబ్బలా తగిలింది.

అక్కణ్ణుంచి లేచి జ్ఞాపికల కొట్లో దూరింది. ఫ్రిజ్జుకు అంటించే బొమ్మ చేతిలోకి తీసుకుంది. చేసిన పనికి ఇంత చిన్న వస్తువా అనిపించి పెట్టేసింది. గోడ గడియారం తీసింది. ఇంత పెద్దది ఇస్తే అనుమానం రాదూ! చివరికి బొమ్మా కొంది, గడియారమూ కొంది, గాజు పిట్ట, శాలువా, పూలపూల కప్పులు కూడా కొంది. భర్తకు మాత్రం ఒక తాళాల గొలుసు. కొట్టు ముసలాయన కాగితాల్లో చుట్టి చుట్టి అలసిపోయి, ఎవరిదైనా పెళ్ళా అన్నట్టు సైగ చేశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

తిరిగొచ్చిన రోజు దుకాణం బల్ల మీద ఒక్కొక్క పొట్లమే విప్పుతూ పెద్దామె మురిసిపోయింది. "పిచ్చిదానా, అన్నీ నాకేనా?"

చిన్నామె ఇక ఆగలేకపోయింది. "మెసేజీ వచ్చిందక్కా. నేనే చెప్పలేదు. ఒక్కసారైనా నీ పక్కన కాకుండా, ఒక్కదాన్నే వెళ్ళాలనిపించింది."

పెద్దామె చేతిలోని కప్పును నెమ్మదిగా కాగితంలో చుట్టేసింది. "రోజూ అడిగాను కదే."

"అడిగావు."

అంతే. తిట్టలేదు, ఏడవలేదు. అన్నీ సంచిలో సర్ది, అటక మీద పెట్టింది. మర్నాటి నుంచి చిన్నామెను "మీరు" అనడం మొదలుపెట్టింది. "మీరు దారం తెస్తారా?" "మీరు భోంచేశారా?" ఆ మర్యాదకు చిన్నామె ప్రాణం చచ్చిపోయేది. ఆ వారంలోనే పెద్దామె తనకొక కొత్త ఫోను కొనుక్కుంది. పాస్‌పోర్టు ఆఫీసుకు ఒక్కతే వెళ్ళొచ్చింది.

పన్నెండు రోజులు గడిచాయి. పదమూడో రోజు చొక్కా ఒకటి చేతిలోకి తీసుకుని పెద్దామె ఉరిమింది. "ఏమే, కళ్ళెక్కడ పెట్టుకున్నావ్? కుడి చెయ్యి ఎడమకు కుట్టావ్!"

చిన్నామె కుట్లు విప్పుతూ కళ్ళు తుడుచుకుంది.

"ఏడవకు, గుడ్డ మీద మరక పడుతుంది. నేనింకా ఏదీ మర్చిపోలేదు," అంది పెద్దామె.

"తెలుసక్కా," అని చిన్నామె సూదిలోకి దారం ఎక్కించుకుంది.