మా కాలనీ పారిజాతాలు

మొన్నామధ్య కోకాపేటలో మా అమ్మాయి వాళ్ళ ఫ్లాట్‌లో కొన్నాళ్ళు ఉండి వచ్చాను. నాకు తెల్లవారకముందే మెలకువ వస్తుంది, ఆ ఇంట్లో వాళ్ళకి ఎండ ముఖం మీద పడితే గానీ రాదు. అందుకని రోజూ లిఫ్టులో కిందికి దిగి, తివాచీ పరిచినట్టున్న ఆ పచ్చిక చుట్టూ తిరిగేదాన్ని. అలా తిరుగుతుండగా ఒకనాడు నా ఈడే ఉన్న ఒకావిడ అటూ ఇటూ చూసి, చటుక్కున ఒక మందారం తెంపి కొంగులో దాచుకుంది. ఎక్కణ్ణుంచి చూశాడో గానీ సెక్యూరిటీ అతను ఈల వేశాడు. పాపం, ఆవిడ ముఖం చిన్నబోయింది. నాకు మాత్రం నవ్వు ఆగలేదు, ఎందుకంటే చేతిలో పూలసజ్జతో మా అత్తగారు కళ్ళముందు నిలబడ్డారు.

మేము బాచుపల్లి వైపు ఇల్లు కట్టుకున్న రోజుల్లో, మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది, అటు రమ్మంటే ఆటోవాళ్ళు తల అడ్డంగా ఊపేవారు. కూకట్‌పల్లి దాటితే ఊరు అయిపోయినట్టే లెక్క. ఆయనా నేనూ ఉద్యోగాలు చేసుకుంటూ, గోదావరి జిల్లా నుంచి మా అత్తగారిని తెచ్చుకుని, ఇళ్ళకంటే ఖాళీ ప్లాట్లే ఎక్కువున్న ఆ లేఅవుట్‌లో దిగాం. మా పక్కిల్లు మాత్రం ఆ ఊరివాళ్ళదే. ఆ ఇంటావిడని నేను వదినా అంటే, ఆవిడ నన్నూ వదినా అనేది, ఎవరు ఎవరికి ఆడపడుచో ఇప్పటికీ తేలలేదు. మా అందరి ఇళ్ళూ లేచిన నేల ఒకప్పుడు వాళ్ళ మామగారి జొన్నచేను. అంతా అమ్ముకుని, చివరికి ఒక్క ప్లాటు అట్టిపెట్టుకుని అందులో ఇల్లు వేసుకున్నారు.

లేఅవుట్ మధ్యలో పార్కుకని వదిలిన జాగా ఒకటి ఉండేది. పార్కన్నది పేరుకే, ఇల్లు కట్టుకున్న ప్రతివాళ్ళూ మిగిలిన కంకరా, పగిలిన టైల్సూ తెచ్చి అక్కడే పోసేవారు. మా కాలనీ సంఘం అధ్యక్షుణ్ణి అందరం అన్నయ్యగారూ అని పిలిచేవాళ్ళం. ఆయన ఒక ఆదివారం ఇంటికొకరు పలుగో పారో పట్టుకుని రావాలని చెప్పించారు. వారమంతా కుర్చీల్లో కూర్చునే మగవాళ్ళు పలుగెత్తిన ముచ్చట చూడవలసిందే గానీ చెప్పేది కాదు. మా వారు అరచేతులు బొబ్బలెక్కి వారం రోజులు చెంచాతో అన్నం తిన్నారు. ఆడవాళ్ళం రాళ్ళు ఏరాం, కొందరు ఉప్మా తెచ్చారు, కొందరు సర్వపిండి తెచ్చారు. జిల్లాలు వేరు, యాసలు వేరు అనుకుని ముభావంగా ఉండే వాళ్ళమంతా ఆ రాళ్ళగుట్టల మధ్యే చుట్టాలమైపోయాం. ఆ మాట ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటాను.

నేల బాగయ్యాక ఇంటికో మొక్క, ఎవరికి నచ్చింది వాళ్ళు తెచ్చి నాటుకోవచ్చన్నారు. అక్కడే వచ్చింది చిక్కు. మేమంతా భక్తులం కదా! ఒకరు మందారం తెచ్చారు, ఒకరు నందివర్ధనం, మరొకరు గన్నేరు, ఇంకొకరు శంఖుపుష్పం. వేపా కానుగా ఎవరూ తేలేదు, నీడ సంగతే ఎవరికీ తట్టలేదు. అందరి కళ్ళూ ఎవరి దేవుడి గూటి మీద వాళ్ళవే.

మొక్కలు పూతకి వచ్చాయో లేదో, యుద్ధం మొదలైంది. ఎదుటివాళ్ళ చెట్టు పువ్వుకే పుణ్యమెక్కువని మా అత్తగారికి గట్టి నమ్మకం. మందారం మాదే అయినా, దాన్ని జాగ్రత్తగా వదిలేసి వెనకవీధి మాస్టారి నందివర్ధనం దులిపి వచ్చేవారు. మర్నాడు ఆయన ఇంకాస్త ముందు లేచి మా మందారం ఖాళీ చేసేవారు. ఈవిడ ఇంకాస్త ముందు లేచేవారు. చూస్తుండగానే కాలనీలో పెద్దవాళ్ళంతా దోటికర్రలూ టార్చిలైట్లూ పట్టుకుని చీకటితోనే పార్కులో తారసపడి, ఒకరినొకరు చూడనట్టు నటించడం నిత్యకృత్యమైపోయింది. తెల్లవారేసరికి విరిగిన కొమ్మలు తప్ప పువ్వన్నది కనిపించేది కాదు. పువ్వు పరాయివాళ్ళు కోసుకుపోతుంటే నీళ్ళు మనమెందుకు పొయ్యాలని ఒక్కొక్కరే బకెట్లు దించేశారు. వేసవికల్లా సగం మొక్కలు పుల్లలయ్యాయి.

అదే సమయంలో హైటెక్ సిటీ వైపు ఉద్యోగాలు పెరిగి, ఇంటింటికీ కారు వచ్చింది. కారు వచ్చింది గానీ రోడ్డు వెడల్పు కాలేదుగా! బళ్ళు నిలపడానికి చోటు లేదు, పార్కు చూస్తే ఎండి కూర్చుంది, దాని మూలంగా పోట్లాటలు కూడాను. అందుకని అక్కడ సిమెంటు పరిచి కార్లు పెట్టుకుందామని అన్నయ్యగారు మీటింగు పెట్టారు. చేతులు కూడా చకచకా లేచాయి. అప్పటిదాకా వెనక వరసలో కూర్చున్న వదిన లేచి నిలబడింది. ఆవిడ నలుగురిలో నోరు విప్పగా నేను అదే చూడటం.

"అన్నా, గిదంత మా మామ దున్నిన చేను. రోడ్లు ఏసిండ్రు, నేనేమన్న అడిగిన్నా? ఇండ్లు లేసినయ్, అడిగిన్నా? అమ్ముకున్నం, మాకు హక్కు లేదు, ఎర్కే. కని గీ ఒక్క జాగనన్న మట్టిగ ఉండనియ్యుండ్రి. పొద్దుగాల లేసి జర మట్టి మొకం సూస్త."

లేచిన చేతులు ఎలా దిగాయో దిగాయి. కానీ జాలి వేరు, కార్లు వేరు. మరి మొక్కలు బతకాలి కదమ్మా అని అన్నయ్యగారు మెల్లిగా అన్నారు, ఆ మాటా నిజమే. అప్పుడు లేచారు మా అత్తగారు, సాక్షాత్తూ పూలదొంగల నాయకురాలు.

"చూడు బాబూ, చెట్టున కోస్తే దేవుడికి పనికిరాని పువ్వు ఒక్కటుంది, పారిజాతం. రాలిందే ఏరుకోవాలి. రాలిందంటే ఏ ఒక్కరి ఇంటికో చాలేటంత కాదు, ఎన్ని సజ్జలు నింపినా ఇంకా మిగులుతుంది. అది నాటించు. మిగతా చెట్ల మీద చెయ్యి వేస్తే నన్నడుగు."

నవ్వుతో మీటింగు తేలికపడింది. ఒక్కరి పేరున కాకుండా అందరి పేరునా నాలుగు మూలలా పారిజాతాలు నాటాలనీ, అవి పూసేదాకా చూద్దామనీ, ఎండిపోతే మాత్రం ఇక సిమెంటేననీ ఒప్పందమైంది. ఆ ఎండాకాలం బోర్లు అడుగంటాయి, ట్యాంకరు వస్తేనే వంట. అయినా బియ్యం కడిగిన నీళ్ళూ, కూరలు కడిగిన నీళ్ళూ బకెట్లలో దాచి, సాయంత్రం ఇంటింటి నుంచీ తీసుకెళ్ళేవాళ్ళం. ఎవరి చెట్టూ కాదు కాబట్టి అందరి చెట్టూ అయింది. వదిన మొదళ్ళ చుట్టూ ఎండుటాకులు పరిచేది, మాస్టారు మేకలు రాకుండా ముళ్ళకంప కట్టారు. మూలనున్న మొక్క ఒకటి ఎండిపోయిననాడు వదిన అన్నం ముట్టలేదని వాళ్ళాయన వచ్చి చెబితే, మా అత్తగారు వెళ్ళి కూర్చోబెట్టి తినిపించి వచ్చారు. మర్నాడే అన్నయ్యగారు తన సొంత కారులో ఇంకో మొక్క తెచ్చి అదే గుంటలో పెట్టారు. సిమెంటు పోయించాలన్న మనిషి!

రెండో ఏడు వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో, ఒక తెల్లవారుజామున వదిన మా తలుపు తట్టింది. ఏమైందో అని పరిగెత్తితే, పార్కులో చెట్ల కింద నేలంతా తెల్లగా ఉంది, మధ్యమధ్య నారింజరంగు కాడలు. ఒకరిని చూసి ఒకరు అంతా వచ్చారు. దోటికర్రలు లేవు, అందరం నేలకి వంగినవాళ్ళమే. మా అత్తగారు మొదటి దోసెడు ఏరి, సజ్జలో వేసుకుంటారనుకున్నాను, తీసుకెళ్ళి వదిన కొంగులో పోశారు.

"మీ మామగారి చేలో పంటమ్మా, ముందు నువ్వు తీసుకో."

వదిన ఏడ్చింది. ఏడుస్తూనే, "కొడవలి వెట్టకుంట ఇంటికొచ్చిన పంట గిదొక్కటే అత్తమ్మా" అంది.

ఆ తరవాత కార్ల మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. వేపలూ కానుగలూ వచ్చాయి, నడిచే దారి వచ్చింది, సాయంత్రమైతే పిల్లల అల్లరికి చెవులు చిల్లులు పడతాయి. అత్తగారూ లేరు, మాస్టారూ లేరు. వదినకి మోకాళ్ళు వంగవు, పారిజాతం ఆకుల కషాయం తాగమంటే తాగదు. అయితే ఆ మొదటి దోసెడు ఆనవాయితీ మాత్రం ఉండిపోయింది. పొద్దున్న ముందుగా ఎవరు వెళితే వాళ్ళు ఏరిన తొలి దోసెడు వదిన గేటు దిమ్మె మీద ఆకులో పెట్టి వస్తారు. మొన్నమొన్న అద్దెకి దిగిన కుర్రజంట కూడా పెడుతున్నారు, ఎందుకో వాళ్ళకి ఎవరు చెప్పారో నాకు తెలియదు. నా జీవితంలో గొప్ప పనులేవీ చేయలేదు గానీ, ఆ నేలకి బకెట్లు మోసినవాళ్ళలో నేనూ ఒకదాన్ని.

కోకాపేటలో ఆ తోట మాదానికంటే నూరు రెట్లు బాగుంటుంది. నీళ్ళు వాటంతటవే చిమ్ముతాయి, ఎండుటాకు రాలగానే ఎవరో వచ్చి ఊడ్చేస్తారు, ఎవరూ ఏమీ మోయనక్కర్లేదు. ఆ మందారం కోసినావిడతో మాట కలుపుదామని మర్నాడు చూశాను, మళ్ళీ కిందికి రాలేదు. ఆ పచ్చిక కిందా ఒకప్పుడు ఎవరిదో ఒక చేనుండే ఉంటుంది. తొలి దోసెడు పువ్వులు ఎవరి గేటు మీద పెట్టాలో అడుగుదామంటే, అది తెలిసినవాళ్ళు అక్కడ ఒక్కరూ లేరు.