రెండో మునక

“ఒక్కటే మునక తమ్ముడూ, ఒక్కటే! రెండున్నాయంటుంది మా అమ్మడు. ఎవరితో అంటోంది? నాతో! అది పుట్టినప్పుడు ఏ శృతిలో ఏడ్చిందో కూడా చెప్పినవాణ్ణి నేను.”

చెవులాయనది ఆ వారమంతా ఇదే మాట. కింది వాటాలో పుస్తకాలు కుట్టి అట్టలు వేసే బైండరుకి, జిగురు ఆరేలోగా పైకెక్కి వచ్చి ఈయన మాటలు వినడం చాలా ఏళ్ళ అలవాటు. పై వాటా ముందు గదంతా పియానోలే. ఒకదానికి మూత తీసి ఉంటుంది, ఒకదానికి కాళ్ళు విప్పి ఉంటాయి, ఇంకొకటి వేళ్ళతో నొక్కే మెట్లు సగం ఊడదీసి పళ్ళు రాలిన ముసలమ్మలా నోరు తెరుచుకుని ఉంటుంది. వాటి మధ్య మిగిలిన కాస్త జాగాలో రెండు కుర్చీలు. వీధిలో ఎవరూ ఆయన్ని పేరుపెట్టి పిలవరు. పియానోలు శృతి చేసే ఆ చెవులే ఆయన పేరైపోయాయి.

“అసలా మునకేంటో మళ్ళీ ఒకసారి చెప్పండన్నా,” అన్నాడు బైండరు. కుట్టే ముందు ప్రతి పుస్తకమూ చదివే మనిషి కనుక విషయం కొంత తెలియకపోలేదు. కానీ ఈయన నోట వింటే ఆ రుచే వేరు.

చెవులాయన పక్కనున్న పియానోలోంచి తీగల్ని కొట్టే ఊలు సుత్తుల వరస మొత్తం బయటికి లాగి ఒళ్ళో పెట్టుకున్నాడు.

“ఇవన్నీ ఒక్క రోజున బిగించినవే కదా? అయినా చూడు, మధ్యవి ఎలా అరిగి గాడులు పడ్డాయో. చివరివి కొత్త పెళ్ళికొడుకుల్లా ఉన్నాయి. మధ్యవాటికి చాకిరీ ఎక్కువ. ఆ గాడి లోతు చూసి ఈ పియానో వయసు నేను చెప్పేస్తాను. మా అమ్మడి పనీ అదే. ఆకాశంలో చుక్కల గుంపులుంటాయట. గుంపంతా ఒకే కాన్పులో పుట్టినట్టు. బరువైన చుక్క గబగబా మండి, వయసు మీదపడేకొద్దీ ఉబ్బిపోతుందట. దాని బరువెంతో, ఒళ్ళెంతో కచ్చితంగా తెలిస్తే వయసు తేలిపోతుంది. ఒక్కదానిది తేలితే గుంపందరిదీ తేలినట్టే.”

“మరి అంత దూరాన ఉన్నదాన్ని తూచేదెలా?”

“అక్కడికే వస్తున్నా. గుంపులో ఒక జంటుంది. రెండూ ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతుంటాయి. ఇది దానికి అడ్డమొస్తుంది, అది దీనికి అడ్డమొస్తుంది. అడ్డమొచ్చినప్పుడల్లా గ్రహణం, వెలుగు కాస్త మునుగుతుంది. ఎంత లోతు మునిగింది, ఎంతసేపు మునిగింది, దాన్నిబట్టి ఒళ్ళు. ఎంత వేగంగా తిరుగుతున్నాయో దాన్నిబట్టి బరువు. రెండో మునక లేకపోతే రెండో చుక్క లెక్క కుదరదు, వయసు తేలదు. అందుకని రెండోది ఉందని ఊహించేసుకుంటోంది పిచ్చిపిల్ల!”

ఖగోళ పరిశోధనశాలలో పనిచేసే కూతురు చూపించే చుక్కల పట్టికలు ఆయనకి ఎప్పుడూ ఎక్కలేదు. “నాకేదైనా చెవిలోంచే లోపలికి వెళ్తుందే,” అని ఆయన విసుక్కుంటే, ఆ పిల్ల జంటచుక్క వెలుగుని నాదంగా మార్చి ఫోనుకి పంపింది. వెలుగు ఎక్కువైతే శృతి పైకి, తగ్గితే కిందికి. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని రోజూ వింటున్నాడు.

“ఎంత మర్యాదగల చుక్కనుకున్నావు! చెప్పాల్సింది ఉన్నప్పుడే నోరు తెరుస్తుంది. కాసేపు నిశ్శబ్దం. తర్వాత సన్నగా ఒక స్వరం జారి మళ్ళీ పైకెళ్ళిపోతుంది. మళ్ళీ నిశ్శబ్దం. మనింట్లో ఆడవాళ్ళు నేర్చుకోవాలి దాన్ని చూసి.”

“వినపడుతోంది!” అని వంటింట్లోంచి ఆవిడ గొంతు. “ఫ్రిజ్ తలుపు మళ్ళీ తెరిచి వదిలేశారు. అది కీచుమని మొత్తుకుంటున్నా పట్టదా మీకు?”

“తలుపు మొత్తుకోవడమేంటే? నీకు అన్నీ మొత్తుకున్నట్టే ఉంటాయి.”

బైండరు నవ్వి లేవబోయాడు. చెవులాయన చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. “ఉండవయ్యా. అమ్మడు బస్సు దిగిందట, వచ్చేస్తోంది. నువ్వే తీర్పరివి. తర్వాత నేను సంగీతం బడికి పోవాలి. రేపే పిల్లల పరీక్ష. బయటి నుంచి పెద్దవాళ్ళెవరో వచ్చి వింటారట. ఆ పియానో మీద నేను తప్ప ఇంకొకడు చెయ్యి వెయ్యలేదు ఇంతవరకు.”

ఆ మాటలో గర్వం ఉందంటే ఉంది. మీసాలు రాని వయసులో వాద్యాల దుకాణంలో దుమ్ము దులిపే పనికి చేరాడాయన. యజమాని ఒక పియానో శృతి చేసి చేతులు తుడుచుకుంటుంటే “ఆ తీగ ఏడుస్తోందండీ” అన్నాడట. కొట్టడానికి చెయ్యెత్తిన యజమాని ఆ చేత్తోనే మెట్టు నొక్కి విని, తీగలు బిగించే తాళం తెచ్చి ఈయన చేతిలో పెట్టాడట. అప్పట్నుంచీ ఆ తాళం ఈయన చేతిలోంచి దిగలేదు. ఊళ్ళో ఇంకో శృతికారుడు ఉన్నాడు కానీ, అతను పెట్టెలాంటి మీటరు పెట్టి ముల్లు చూసి తీగ బిగిస్తాడు. ఈయన అతనికి పెట్టిన పేరు మీటరుగాడు. “చెవులు ఇంట్లో పెట్టి తాళం వేసుకొస్తాడు. పియానోకి జ్వరం చూస్తాడు వాడు,” అనేవాడు.

మెట్ల మీద చప్పుడైంది. కూతురు చంక సంచితో సహా వచ్చి, చెప్పులు విడుస్తూనే అంది, “బాబాయ్, నువ్వున్నావా? మంచిదైంది. ఈ మొండిమనిషికి సాక్షి కావాలి.”

“మొండితనం ఎవరిదో ఇప్పుడు తేలుతుంది,” అన్నాడు తండ్రి.

ఆ పిల్ల సంచిలోంచి ల్యాప్‌టాప్ తీసి పియానో మూత మీద పెట్టింది. “కావాలనే శృతి బాగా పైన పెట్టాను. దోమ రెక్క కూడా వినపడుతుందని గొప్పలు పోతావుగా! నీ చెవులకి తగ్గట్టే ఉండాలని.” నొక్కింది.

బైండరు చెవిలో సూది దిగినట్టైంది. సన్నటి, పదునైన కీచు. తెగకుండా సాగుతోంది. అతను భుజం పైకెత్తి చెవి మూసుకోబోయి, మర్యాద కాదని ఆగాడు. చెవులాయన కళ్ళు మూసుకుని, తల కాస్త పక్కకి వంచి, చిరునవ్వుతో కూర్చున్నాడు.

“మొదలెట్టవే మరి,” అన్నాడు.

“మొదలైందిగా అన్నా,” అన్నాడు బైండరు. “ఆ కీచుమంటోంది అదేగా?”

నోరు జారాడని అప్పటికి అతనికి తెలియదు.

“కీచేమిటి?” చెవులాయన కళ్ళు తెరవలేదు. అంతలో నాదం జారింది, బాగా కిందికి. ఆయన చెయ్యి ఠక్కున లేచింది. “ఇదిగో! వచ్చింది. ఆహా... అయిపోయింది. మళ్ళీ నిశ్శబ్దం.”

గదిలో నిశ్శబ్దం లేదు. కీచు సాగుతూనే ఉంది. కొంతసేపటికి అది ఇంకోసారి జారింది, ఈసారి కొంచెమే. గాలి దీపాన్ని తాకి వదిలేసినట్టు. బైండరుకి స్పష్టంగా వినపడింది. చెవులాయన ముఖంలో ఒక్క గీత కదల్లేదు. చెయ్యి ఒళ్ళో అలాగే ఉంది.

కూతురి పెదవుల మీద నవ్వు అలాగే ఉండిపోయింది, కళ్ళల్లోంచి మాత్రం పోయింది. “వేషాలెయ్యకు నాన్నా.”

“వేషాలా?” అప్పుడు కళ్ళు తెరిచాడు. ఇద్దరి ముఖాలూ చూశాడు. “ఏమయ్యా, ఇద్దరూ కలిసి నన్ను ఆటపట్టిస్తున్నారా? మధ్యలో నిశ్శబ్దం లేదూ?”

తీర్పరిగా కూర్చున్న బైండరు తల పైకీ కిందికీ కాకుండా ఎటో ఊపాడు.

“ఏమే, ఒకసారి ఇలా రా,” అని చెవులాయన వంటింటి వైపు కేకేశాడు. “ఇక్కడ నీకేమైనా వినిపిస్తోందా?”

ఆవిడ తడి చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. “అది పెట్టినప్పట్నుంచీ వంటింట్లోకే వినపడుతోంది కదండీ ఆ కీచు. తలలోంచి దూసుకుపోతోంది. ఆపమ్మా తల్లీ...” అంటూనే ముగ్గురి ముఖాలూ చూసి ఆగిపోయింది.

కూతురు నాదం ఆపింది. ఆగినట్టు ముగ్గురికి తెలిసింది. నాలుగో మనిషికి తెలియలేదు.

చెవులాయన కొయ్యబారిపోయాడు. తర్వాత ఉన్నట్టుండి లేచి, కుర్చీ పడిపోతున్నా చూడకుండా, గోడవారన ఉన్న పియానో దగ్గరికి వెళ్ళి కుడివైపు చిట్టచివరి మెట్టు కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. దాని పక్కది కొట్టాడు.

“వినపడుతోంది,” అన్నాడు ఎవరితోనో తగువాడుతున్నట్టు. “ఇది వినపడుతోంది! సుత్తి చప్పుడు వినపడుతోంది, స్వరం వినపడుతోంది.” ఇంకోసారి కొట్టి, చెవి చెక్కకి ఆనించాడు. అలాగే వంగి ఉండిపోయాడు. “దాని పైన తళుకు ఉండేది. వెండి పొడి రాలినట్టు. అది ఏది?”

ఆ తళుకు బైండరు చెవికి అందుతూనే ఉంది. ఆ సంగతి చెప్పడానికి మాత్రం ధైర్యం చాలలేదు.

“కూర్చో నాన్నా,” అంది కూతురు, ఆయన మోచెయ్యి పట్టుకుని. “ఆ చప్పుడు మెల్లగా కిందికి దించుతాను. వినపడగానే చెయ్యెత్తు. అంతే.”

ఆయన చిన్నపిల్లాడిలా కూర్చున్నాడు. తెర మీద గీతని ఆ పిల్ల వేలితో కొంచెం కొంచెంగా దించుతోంది. బైండరుకి సూది క్రమంగా మొద్దుబారి, కీచు కాస్తా ఈలయ్యింది. ఆయన చెయ్యి లేవలేదు. ఇంకా దించింది. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంకా దించింది. చెయ్యి లేచింది.

“ఇక్కడ,” అన్నాడు.

కూతురు తెర మీది అంకె చూసి తండ్రి వైపు తిరిగింది. “ఇది జబ్బు కాదు నాన్నా. వయసుకి జరిగేదే. ఈ వయసుకి అందరికీ ఇంతే.”

“అందరికీ ఇంతే!” ఆయన ఆ మాటని చేదు మందులా మింగాడు. “చుక్కల గుంపు వయసు తేల్చమంటే నా కూతురు నా వయసు తేల్చింది తమ్ముడూ.” నవ్వబోయాడు. నవ్వు సగంలోనే విరిగిపోయింది. భార్య వైపు తిరిగాడు. “ఫ్రిజ్ తలుపు నిజంగానే మొత్తుకుంటుందా?”

“రోజూ,” అందావిడ. “చెప్తూనే ఉన్నాను. నేను చెప్తే వినే రకమా మీరు?” కోపంగా అనాలనుకున్న మాట ఆవిడకే ఏడుపుగా వచ్చింది.

“పెట్టు,” అన్నాడు కూతురితో. “ఆ కిందే పెట్టు. మొత్తం వినిపించు.”

ఈసారి గది నిండా ఈలలాంటి నాదం సాగింది. ఆయనకీ సాగింది. నిశ్శబ్దం అనేదే లేదు. కిందికి జారిన మొదటి మునకకి అలవాటుగా తల ఊపాడు. నాదం పైకి లేచి నిలబడింది. ఆయన ఊపిరి బిగబట్టాడు. అప్పుడు అది కొంచెం, కొంచెమే జారి, సర్దుకుంది.

“ఇదా?”

“ఇదే నాన్నా.”

“ఇంత చిన్నదా? ఇంత బుద్ధిగా వచ్చి పోతోందే!” ఆయన కళ్ళు చెమర్చాయి. “రోజూ ఇది వస్తూనే ఉంది. నేను లేదంటూనే ఉన్నాను.”

ఇంకోసారి పెట్టించుకున్నాడు. మరోసారి. వింటున్నవాడల్లా మధ్యలో ఉలిక్కిపడి నుదుటి మీద చెయ్యి వేసుకున్నాడు. “టీచరమ్మ! కిందటిసారి సంగీతం బడి టీచరమ్మ అంది, పై మెట్లు గాజుముక్కల్లా గీసుకుంటున్నాయండీ అని. ఏమన్నానో తెలుసా? ఆ గీత పియానోలో లేదమ్మా, మీ చెవిలో ఉంది అన్నాను. పిల్లల ముందు అన్నాను. పిల్లలు నవ్వారు. రేపు ఆ పిల్లలే ఆ గాజుముక్కల మీద పరీక్ష వాయించాలి.”

బైండరు నేల చూశాడు. ఈ గొంతులోంచి ఇన్నేళ్ళలో ఎన్ని హాస్యాలు విన్నాడో! ఇలాంటి వణుకు మాత్రం ఎప్పుడూ వినలేదు.

“నేను వస్తాను నాన్నా, నేను విని చెప్తాను,” అంది కూతురు.

“నువ్వు చుక్కలు వింటావు. తీగ ఎంత తిప్పాలో నీకేం తెలుసు?” ఆయన లేచి పనిసంచి తెచ్చుకున్నాడు. తాళం తీసి అరచేతిలో బరువు చూసుకున్నాడు. పిడి దగ్గర చెక్క ఆయన బొటనవేలి ఆకారానికి అరిగి ఉంది. “కింది మెట్లూ మధ్య మెట్లూ నావే. వాటి సంగతి నేను చూసుకుంటాను. పైవాటికి...” ఆగిపోయాడు. బైండరు వైపు తిరిగాడు. “తమ్ముడూ, నీ జిగురు ఆరిపోయి ఉంటుంది, అయినా ఒక పని చేసిపెట్టాలి. బస్టాండు వెనక సందులో ఉంటాడు చూడు, మీటరుగాడు... మీటరాయన. ఆయన్ని నేను పిలిచానని చెప్పి సంగీతం బడికి తీసుకురా. నేను పిలిచానంటే నమ్మడు. నా తాళం పట్టుకెళ్ళి చూపించు, నమ్ముతాడు. జాగ్రత్త, కింద పడెయ్యకు. ఆ మీటరు కూడా మర్చిపోకుండా తెమ్మను.”