మునగచెట్టు ఏడ్చిన కథ

ఒక పెద్దమనిషిని మునగచెట్టు కింద కూర్చోబెట్టి, నా పెళ్లిని నా చేతులారా చెడగొట్టుకోబోయిన వైనం ఇప్పుడు చెబుతాను. ఇందులో శత్రువులెవరూ లేరు. నేను రాసిన కథ ఒకటుంది, అది చాలు. కథే కదా, ఏం చేస్తుందిలే అనుకునేవాళ్లు ముందు చొక్కా కాలరు ఒకసారి తడిమి చూసుకుని కూర్చోండి.

రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తేదీలు మరిచిపోయి పిచ్చెక్కిపోతాయని లోకమంతా భయపడుతున్న రోజులవి. మాదాపూర్‌లో ఒకపక్క బండలు పేల్చి అద్దాల మేడలు కడుతున్నారు. ఆ కంప్యూటర్ల పిచ్చి కుదర్చడానికి నాలాంటివాళ్లను పోగుచేసి ఏసీ గదుల్లో కూర్చోబెట్టారు. పగలంతా రెండంకెల సంవత్సరాన్ని నాలుగంకెలు చేసేవాణ్ణి. సాయంత్రం గదికొచ్చి ప్రకృతి మీద కథలు రాసేవాణ్ణి.

ప్రకృతితో నీకెంత పరిచయం నాయనా అని మాత్రం అడగకండి. ఏలూరు బస్టాండు వెనక మేడమీద పుట్టి పెరిగినవాణ్ణి. చెట్లను కథల్లో చూసిందే ఎక్కువ. కథల్లో ప్రకృతి మహా మర్యాదస్తురాలు. కథానాయిక కళ్లు చెమరిస్తే చాలు, వాన పడుతుంది. ఆమె నవ్వితే ఆగుతుంది. గాలి వస్తే పైట వరకే వస్తుంది, కంట్లో దుమ్ము కొట్టదు. చెట్టుకైతే ఏడవడం తప్ప వేరే పనే ఉండదు. ఇదంతా నేను పొల్లుపోకుండా నమ్మాను.

నేను కిరాయికున్న గది యాదమ్మగారిది. మాదాపూర్ పాత ఊళ్లో ఇల్లు. ఆమె భర్త లారీ తోలేవాడు, ఇంట్లో ఉండేది తక్కువ. వాకిట్లో ఒక మునగచెట్టు ఉండేది. కాయలు అయిపోయాక, వానలు పడకముందే కొమ్మలన్నీ మొదలంటా కొట్టేయడం ఆ ఇంటి అలవాటు. ఆ ఏడు జూన్‌లో ఒక ఆదివారం నేను పళ్లు తోముకుంటూ బయటికొచ్చేసరికి, యాదమ్మగారు చేతిలో గొడ్డలితో చెట్టు వైపు నడుస్తున్నారు.

సరిగ్గా ఆ వారమే నా కథ వారపత్రికలో అచ్చయింది. నాకు తెలిసిన చెట్టు అదొక్కటే కాబట్టి కథలో చెట్టు కూడా అదే. ఒకడు నరకడానికి వస్తే చెట్టు రక్తం కారుస్తూ "కొట్టకు తమ్ముడూ" అంటుంది. వాడి చెయ్యి అక్కడికక్కడే పడిపోతుంది. చివర్లో చక్కగా ముగియాలని "తన మీద వాలిన ప్రతి ప్రాణీ ఆ తల్లికి బిడ్డే" అని ఒక వాక్యం చేర్చాను. ఆ వాక్యాన్ని గుర్తుపెట్టుకోండి, దానితో మళ్లీ పనుంది. మునగచెట్టు ఎక్కించడం అంటారే, ఆఫీసులో వాళ్లు ఆ కథను పొగిడి పొగిడి నన్ను అప్పటికే చిటారుకొమ్మ దాకా ఎక్కించి ఉన్నారు. నురగ నోటితోనే పరుగెత్తి, చెట్టును రెండు చేతులా కావలించుకున్నాను.

కందకు లేని దురద కత్తిపీటకెందుకని సామెత. అప్పటికి నాకు సామెత తెలుసుగానీ దురద తెలియదు.

యాదమ్మగారు నాకు జ్వరమేమో అనుకుని నుదురు పట్టుకు చూశారు. నేను పత్రిక తెచ్చి, అరుగు మీద కూర్చోబెట్టి, గొంతు మార్చి మార్చి కథంతా చదివాను. "కొట్టకు తమ్ముడూ" దగ్గర ఆమె కొంగు కళ్లకు వెళ్లింది. చివరి వాక్యానికి వెక్కిళ్లు వచ్చాయి.

"గిన్నేండ్ల సంది నేను దాని చేతులు నరుకుతున్ననా బిడ్డా?"

"తెలియక చేశారండీ," అన్నాను, క్షమించే అధికారం ఎవరో నాకు రాసిచ్చినట్టు.

గొడ్డలి అటకెక్కింది. సాహిత్య ప్రయోజనం అంటే ఇదే అనుకుని నేను రెండు ఇడ్లీలు ఎక్కువ తిన్నాను.

వానలు పడ్డాయి. కొట్టని చెట్టు గుబురుగా పెరిగి వాకిలంతా కమ్మేసింది. ఒకరోజు మాను మీద గొంగళిపురుగు ఒకటి కనిపించింది. ముచ్చటగా ఉంది, దీని మీద కూడా ఏదైనా రాయాలి అనుకున్నాను. వారం తిరిగేసరికి మాను కనిపించడం మానేసింది, గొంగడి కప్పుకుని నిలబడ్డట్టుంది. దండెం మీది తువ్వాలులో పురుగు, చెప్పులో పురుగు, నేను చదవబోయిన నా కథలోనే పురుగు. మన కథల్లో సీతాకోకచిలుకలు ఎన్నెన్ని ఎగురుతాయి! వాటి బాల్యం గురించి ఒక్కడైనా రాశాడా? తీరా విచారిస్తే ఇవి సీతాకోకచిలుకలు కూడా కావట, ఏవో బూడిదరంగు రెక్కల పురుగులవుతాయట. ఆ ఓదార్పు కూడా దక్కలేదు.

ఆఫీసులో ఒక చేత్తో టైపు చేసి, రెండో చేత్తో గోక్కునేవాణ్ణి. పక్క సీటు కుర్రాడు మర్యాదగా వేరే వరసకు మారిపోయాడు. తాను తీసిన గోతిలో తానే పడడం లోకంలో ఉన్నదే. నేను తీసిన గోతిలో గొంగళిపురుగులు కూడా ఉన్నాయి.

ఇక్కడిదాకా నా ఒంటికి పట్టిన గొడవే. అసలు ప్రమాదం అనంతపురం నుంచి బయల్దేరింది. మా ఆఫీసులో ఒక పెద్దాయన నాకొక సంబంధం తెచ్చాడు. అమ్మాయి పేరు భారతి. పెళ్లిచూపుల్లో చూసింది కొద్దిసేపే అయినా, నాకు మరో అమ్మాయి అక్కర్లేదనిపించింది. వాళ్లు ఇంకా ఏమీ తేల్చలేదు. వాళ్ల నాన్న నారాయణప్పగారు అబ్బాయి ఎలా ఉంటున్నాడో చూసి మాట చెబుతానన్నారు. వచ్చే ఆదివారమే వస్తున్నారు.

నేను వెళ్లి యాదమ్మగారి ముందు నిలబడ్డాను. కొమ్మలు కొట్టిద్దామన్నాను. ఆమె నన్ను కసాయివాణ్ణి చూసినట్టు చూశారు. పోనీ గుడ్డ చుట్టిన కట్టెకు నిప్పంటించి పురుగులనైనా కాల్చేద్దామన్నాను.

"గవి దాని పిల్లలని నువ్వే రాస్తివి గద. తల్లి ముంగట పిల్లల్ని కాలుస్తరా?"

"కథలో అలా రాస్తామండీ, అంతే. నిజంగా చెట్టు ఏడవదు."

"గట్లయితే నేను ఏడ్చింది ఉత్తదేనా బిడ్డా?"

నాకు సిగ్గేసింది. ఇన్నేళ్లలో నా కథకు కన్నీళ్లు పెట్టిన మనిషి ఆమె ఒక్కరే. అవి నా తప్పు వల్ల వచ్చాయి, వాపసు తీసుకోండి అని చెప్పడానికి నోరు రాలేదు. "లేదండీ, చెట్టు ఏడుస్తుంది," అని ఒప్పుకుని, గోక్కుంటూ గదిలోకి వచ్చేశాను.

ఆదివారం నారాయణప్పగారిని నేరుగా గదిలోకి తీసుకుపోయి తలుపేసేయాలని పథకం వేశాను. ఆయన వచ్చేవేళకు కరెంటు పోయింది. గది బట్టీలా ఉంది. యాదమ్మగారు అప్పటికే వాకిలి ఊడ్చి, చెట్టు కింద కుర్చీ వేసి, చల్లటి మజ్జిగ పట్టుకుని నిలబడ్డారు. తెల్లచొక్కా, తెల్లపంచె, ఆయన హాయిగా కూర్చున్నారు. నేను చెట్టును కావలించుకుని గొడ్డలి ఆపిన వైనం ముందు చెప్పి, యాదమ్మగారు నా కథ అందుకున్నారు. నేను రాసినదానికంటే బాగా చెబుతున్నారు. కథలో లేని చెల్లెలిని కూడా చెట్టుకు చేర్చారు.

"కొట్టకు తమ్ముడూ" దగ్గరకు వచ్చేసరికి, పైనుంచి ఒకటి సన్నటి దారం పట్టుకుని తీరిగ్గా దిగి ఆయన కాలరు మీద వాలింది.

"లోపలికి వెళదామాండీ?" అన్నాను.

"ఉండప్పా, ఆయమ్మ చెప్తాండాది గదా," అన్నారాయన.

అది కాలరు దాటి లోపలికి వెళ్లింది. దాని వెనకే ఇంకొకటి. నారాయణప్పగారు మొదట భుజం కదిల్చారు. తర్వాత మెడ తిప్పారు. తర్వాత మజ్జిగ గ్లాసు వదిలేసి, లేచి, చొక్కా విప్పి దులపడం మొదలుపెట్టారు. అరచేత్తో వీపు మీద చరుచుకోబోతుంటే యాదమ్మగారు చెయ్యి అడ్డుపెట్టారు.

"జర మెల్లగ సారూ, నలుగుతది."

ఆయన వెళ్లేటప్పుడు మెడ మిరపపండులా ఉంది. నాతో ఒక్క మాటా మాట్లాడలేదు. ఇక నా పెళ్లి కూడా నా కథలాగే విషాదాంతమని ఖాయం చేసుకున్నాను. ఆ వారం నిజంగా ఏడ్చాను. అప్పుడు వాన పడలేదు సరికదా, ఎండ కాసింది.

ఆపైన ఒకనాడు వీధి చివర కిరాణా కొట్టుకు నాకు ఫోన్ వచ్చింది. అవతల నారాయణప్పగారు.

"జరిగిందంతా మా పాపకు చెప్పినానప్పా. నగి నగి సచ్చింది. సొంత కథ కోసరం ఇంత దురద పడేవాడు యాడా దొరకడు, ఒప్పుకో నాయనా అనింది."

నేను ఫోన్ పెట్టేసి, కొట్టువాడికి బెల్లం ముక్కైనా పెట్టకుండా పరుగెత్తుకొచ్చి చెట్టుకు దండం పెట్టాను. దూరం నుంచే లెండి.

భారతి కాపురానికి వచ్చింది. వేసవి గడిచింది, కాయలు అయిపోయాయి, మబ్బులు పట్టాయి. నా ఒళ్లు ముందుగానే దురదపెట్టడం మొదలైంది. ఒకరోజు పొద్దున భారతి చెట్టుకు చెవి ఆనించి కాసేపు నిలబడి, యాదమ్మగారి దగ్గరకు వెళ్లింది.

"పెద్దమ్మా, చెట్టు నాతో మాట్లాడింది. తల బరువుగా ఉందంట. క్షవరం చేయమనింది."

యాదమ్మగారు చెట్టు వైపు, భారతి వైపు మార్చి మార్చి చూశారు. "మీ సారుకు ఏడ్పు చెప్పుకున్నది, నీకు అసలు ముచ్చట చెప్పింది," అని అటక మీంచి గొడ్డలి దించారు. మధ్యాహ్నానికి కొమ్మలన్నీ నేల మీద ఉన్నాయి.

నాకు ప్రాణం లేచొచ్చింది, కొంచెం అసూయ కూడా కలిగింది. "అంత అబద్ధం ఎలా చెప్పావు?" అన్నాను.

"మీరు నాలుగు పేజీలు చెప్పినారు. నేను రెండు మాటలేగదా."

"పాపం, చెట్టు బాధపడితే?"

"పడదులెండి. అది మీ కథ చదవలేదు."

కొట్టిన చోటల్లా చెట్టు చిగురు వేసింది. మరుసటి ఏడు వీధంతా మా మునక్కాడల పులుసే. అందుకే ఆ పులుసు ముట్టుకుని ప్రమాణం చేస్తున్నాను. ఇక నా కథల్లో ఏ చెట్టూ ఏడవదు, రక్తం కార్చదు, ఎవరినీ తమ్ముడూ అని పిలవదు. చెట్లకు చెప్పాల్సిందేమైనా ఉంటే మా ఆవిడతో చెప్పుకుంటాయి.