పళ్ళు కట్టే మొహిద్దీన్ దాచిన మాట

నరసరావుపేటలో కింద నా నెట్ షాపు, పైన గులాం మొహిద్దీన్ డెంటల్ ల్యాబు. ల్యాబంటే ఒక గది, రెండు మిషన్లు, గోడ నిండా అరలు. ఊళ్ళో పళ్ళ డాక్టర్లు పేషెంట్ల దవడకు అచ్చు తీసి పంపిస్తే, ఆ అచ్చు మీద ఈయన పళ్ళ సెట్టు కడతాడు. ముప్పై ఏళ్ళుగా ఇదే పని.

డెంటల్ సీట్ల కౌన్సెలింగ్ వచ్చిందంటే ప్రతి ఏడూ నలుగురైదుగురు తండ్రులు ఆయన మెట్లెక్కుతారు. పళ్ళతో బతికేవాడు కదా, ఏ కాలేజీ ముందు పెట్టాలో చెప్తాడని. ఆయన "అన్నీ మంచివే" అని పంపించేస్తాడు. వాళ్ళు అటు పోగానే కిందికి దిగి నా బల్ల ముందు కూర్చుంటాడు. "ఒక్కడూ నా మాట వినడానికి రాడు మహాలక్ష్మమ్మా. వాళ్ళ మాట నా నోట వినడానికొస్తారు" అని అరగంట విసుక్కుంటాడు. ఆ మాటేదో పైన వాళ్ళకే చెప్పొచ్చుగా అంటే, "నీకు తెలవదులే" అంటాడు. నాకు ఒళ్ళు మండేది.

మొన్న వెబ్ ఆప్షన్ల ఆఖరి రోజున రాజుపాలెం పున్నారావు తన కూతురు దీపశ్రీని వెంటబెట్టుకొని నా షాపుకొచ్చాడు. సాయంత్రం ఐదింటికల్లా కాలేజీల వరుస లాక్ చెయ్యాలి. ఆ తర్వాత మార్చడం బ్రహ్మతరం కాదు. పిల్ల ఐదేళ్ళ చదువు ఆ వరుస మీదే ఉంది. ఆమె ర్యాంకుకు అందేవి రెండు కాలేజీలు. ఒకటి హైవే పక్కన అద్దాల బిల్డింగు, రెండోది ఊరి మధ్యలో ఉన్న పాత బిల్డింగు.

"అద్దాలదే ఫస్టు పెట్టమ్మా" అన్నాడు పున్నారావు.

"ఏం చూసి పెట్టమంటావు?" అన్నాను నేను.

"హైదరాబాదు పోయినప్పుడల్లా బస్సులోంచి చూస్తన్నాగా. చానా నీటుగా ఉంటది. మా బామ్మర్దీ అదే అన్నాడు."

బామ్మర్దిది పురుగుమందుల కొట్టు. పత్తి విత్తనం కొనాలంటే నలుగురి చేలు తిరిగి చూసొచ్చే మనిషి ఈ పున్నారావు. కూతురి కాలేజీని మాత్రం బస్సు కిటికీలోంచి ఖాయం చేశాడు.

"పాతదాంట్లో పేషెంట్లు ఎక్కువంట నాన్నా" అంది దీపశ్రీ.

"ఎక్కువైతే నీకేందే, తొక్కిడి తప్ప? సరే, పైన మొహిద్దీన్‌ని అడుగుదాం పా. ఎటూ నా పళ్ళ సెట్టు గుచ్చుకుంటంది, రుద్దించుకోవాల."

అప్పటికే నాలుగైంది. ఉండబట్టలేక, కాలేజీల వరుస రాసుకునే కాగితం పట్టుకొని నేనూ వాళ్ళ వెనకే మెట్లెక్కాను.

పున్నారావు నోట్లోంచి కింది సెట్టు తీసి మొహిద్దీన్ చేతిలో పెట్టాడు. దాన్ని రుద్దడం అది నాలుగోసారి. చిగురు పుండై మూడు నెలల నుంచీ ఆయనకు మజ్జిగన్నమే గతి. మొహిద్దీన్ మిషన్ ఆన్ చేశాడు.

"ఏ కాలేజీ ముందు పెట్టమంటావు బాబాయ్?" అని దీపశ్రీ అడిగింది.

"అన్నీ మంచివేనమ్మా."

నాకిక ఓపిక చచ్చిపోయింది. "ఏటా కింద నా చెవులు తింటావుగా, నీకు తెలిసిన ముక్కేదో ఇక్కడ చెప్పవయ్యా. ఇంకో గంటలో లాక్ పడిద్ది. తెలిసి కూడా పిల్లని గోతిలోకి తోస్తావా?"

మొహిద్దీన్ మిషన్ ఆపాడు. నా వంక కోపంగా చూశాడు. తర్వాత అరలోంచి రెండు అచ్చులు తీసి బల్ల మీద పెట్టాడు. ఒకదానికి అంచు చుట్టూతా నిండుగా ఉంది. రెండోదానికి నిండా బుడగలు, వెనక అంచే లేదు.

"ఇది పాత కాలేజీలో చదివిన డాక్టరు తీసింది. ఆడ పొద్దున్నే పల్లెల నుంచి జనం లైను కడతారు. చదువయ్యేలోపు పిల్లలు వందల నోళ్ళు చూస్తారు. ఇదేమో అద్దాల కాలేజీలో చదివినాయన తీసింది. ఆడ పేషెంటే కనపడడు. ఇన్‌స్పెక్షను రోజు బస్సుల్లో జనాన్ని తోలుకొచ్చి కూర్చోబెడతారు. ఆ కాలేజీలో చదివిన డాక్టర్లు ముగ్గురు నాకు పని పంపిస్తారు. ముగ్గురి అచ్చులూ ఇట్లాగే ఉంటయి. బయటికొచ్చాక నేర్చుకుంటారులే, మీబోటోళ్ళ నోళ్ళలో."

"మరి నాది ఎవరు తీసింది?" అన్నాడు పున్నారావు.

"ఆ ముగ్గురిలో ఒకాయనే అన్నా. నీదానిక్కూడా వెనక అంచు రాలా. అంచనా మీద కట్టా, అందుకే నీ చిగురు కోస్తంది."

"తెలిసే కట్టావా?"

"తిప్పి పంపితే పని వేరే ల్యాబుకు పోయిద్ది. నా పనిలో సగం ఆ ముగ్గురిదే."

"నాలుగుసార్లు వచ్చా. వచ్చినప్పుడల్లా అలవాటైద్దిలే అన్నావు." పున్నారావు గొంతు పెంచలేదు. సెట్టు తీసుకొని జేబులో వేసుకొని స్టూలు మీద కూలబడ్డాడు. నాకు ఆయన మీద జాలేసింది, మొహిద్దీన్ మీద అసహ్యం వేసింది. ఇన్నేళ్ళూ ఆయన విసుగు విని ఊరుకున్న నా మీద కూడా వేసింది.

దీపశ్రీ నా చేతిలోని కాగితం తీసుకొని పాత కాలేజీ పక్కన ఒకటి అని వేసింది. తండ్రి అడ్డం చెప్పలేదు.

"రేపు నేను డాక్టరయ్యి ఇట్లాంటి అచ్చే పంపిస్తే, నాక్కూడా చెప్పవా బాబాయ్?" అంది.

మొహిద్దీన్ బుడగల అచ్చు మీదున్న చీటీలో డాక్టరు నంబరు చూసి ఫోన్ తీశాడు.

"సార్, మొన్న మీరు పంపిన అచ్చు బాగాలేదు. మళ్ళీ తీసి పంపండి. దీని మీద నేను కట్టను."

అవతల డాక్టరు గట్టిగా అరవడం మాకు కూడా వినపడింది. ఇన్నాళ్ళూ బాగున్న అచ్చులు ఇవాళ బాగాలేకుండా పోయినయా అని అడుగుతున్నాడు.

"ఇన్నాళ్ళూ బాగాలేవు సార్. నేను చెప్పలేదు" అన్నాడు మొహిద్దీన్.