ఎర్ర లైటు వెలిగిన పది సెకన్లు

రెండో లాక్‌డౌన్‌లో, జర్మనీలో, డ్యూసెల్‌డార్ఫ్‌లోని మా ఇంట్లో, అమ్మ పాడిన మంగళహారతి క్యాసెట్‌ను ల్యాప్‌టాప్‌లోకి ఎక్కిస్తున్నాను. అమ్మ పోయి ఆరేళ్లయింది. ఆ గొంతు మిగిలింది అందులోనే.

పక్కింటి పెద్దాయన ఇచ్చిన టేప్‌రికార్డర్‌ను మధ్యలో ఆపి, వాల్యూమ్ సరిచేసి, రేడియో పాటలు రికార్డు చేసిన చిన్నప్పటి అలవాటుకొద్దీ ప్లే, రికార్డ్ బటన్లు రెండూ కలిపి నొక్కేశాను. పాట వినబడలేదు.

“వాస్ ఇస్ట్ దాస్, అమ్మా?” ఇదేంటని మా నాలుగేళ్ల పాప ఎర్ర లైటు చూపిస్తూ జర్మన్‌లో అడిగింది.

అమ్మ పాట మీద మా మాటలు రికార్డవుతున్నాయి. “మాట్లాడకు” అని కసిరి, ఆపేసి, వెనక్కి తిప్పి విన్నాను. హారతి మధ్యలో పాప ప్రశ్న, నా కసురు, మళ్లీ అమ్మ.

“ఫైల్‌లో ఆ ముక్క కట్ చేసేయనా?” అన్నారు మావారు.

వద్దన్నాను. చెరిగిన ఆ చరణానికి నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు. కానీ అమ్మ చూడని మనవరాలు అమ్మ పాటలో ఉంది.