అవ్వ తోమని వెండి

సకల జనుల సమ్మెకు ముందు రోజు హైదరాబాద్ నుంచి భూపాలపల్లికి వచ్చేటప్పుడు నా బ్యాగులో ఎనిమిది గాజుముక్కలున్నాయి. ఒక్కోటి తపాలా బిళ్లంత. ప్రతిదాని మీదా వెండి పొర, వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా ఉండదు. దాని మీద సరైన వెలుగు పడితే లోపలి ఎలక్ట్రాన్లన్నీ ఒక్కసారిగా అలలా కదులుతాయి. ఆ కదలికను బట్టి పొరకు ఏం తగిలిందో పసిగట్టవచ్చు. నా పరిశోధన అదే. ఈ పనికి వెండిని మించింది లేదు, కానీ గాలికి నల్లబడిందంటే ఇక అంతే సంగతులు.

అందుకే నాలుగింటి మీద అల్యూమినా పూత వేశాను. పూత మందమైతే బయట తగిలింది వెలుగుకు అందదు, పలచనైతే పొగ దూరుతుంది. అప్పటికే రెండుసార్లు చెడింది. "ఈసారీ నల్లబడితే టాపిక్ మార్చుకోమ్మా" అన్నారు మా గైడు. మార్చుకుంటే మూడేళ్ల పని గంగలో కలిసినట్టే.

వెండికి గంధకం పడదు. బొగ్గు పొగలో ఉండేది అదే, మా ఇంట్లో దానికేం కొదవ? నాయిన బొగ్గుబాయి కార్మికుడు, వెనక వసారాలో నీళ్లు కాగేది బొగ్గుల పొయ్యి మీదే. పూత ఉన్నవాటి వెనక సన్నటి గీత గీసి, ఎనిమిదింటినీ చిల్లుల డబ్బాలో పెట్టి, పొయ్యి పక్క గూట్లో ఉంచాను. వారం చాలనుకున్నాను. మర్నాడు బొగ్గుబాయి ఆగింది, ఆ వెనకే బస్సులు ఆగాయి, రైళ్లూ ఆగాయి. ఒకసారి జీపు దొరికితే జనగామ దాకా పోయాను. అక్కడ నడిరోడ్డు మీద వంటావార్పు. "తిని వాపస్ పో అక్కా, ముంగట తొవ్వ లేదు" అని పప్పన్నం పెట్టారు. కడుపునిండా తిని, తెలంగాణకు జై కొట్టి, హుషారుగా వెనక్కి వచ్చాను.

రోజూ సమ్మె టెంటు కింద గొంతు చించుకునే నాకు ఆ డబ్బా మూత తీసే ధైర్యం మాత్రం రాలేదు.

బతుకమ్మ పండుగ వచ్చింది. ఆ ఉదయం టెంటు నుంచి ఇంటికి వచ్చేసరికి మా నాయినమ్మ, మేం అవ్వ అంటాం, వసారాలో కూర్చుని తన వెండి కడియాలను చింతపండుతో తోముతోంది. పక్కన నా డబ్బా తెరిచి ఉంది. తువ్వాల మీద నా గాజుముక్కలు. నాలుగింటి మీద వెండి లేదు, ఉత్త గాజు.

"నల్లగయినయి బిడ్డా, జర తోమిపెట్టిన. గింతల్నే అరిగిపోయినయి, గదేం వెండో" అంది.

"నా సదువంత కడిగి పారవోసినవ్ అవ్వా" అని అరిచాను. ఆమె చింతపండు చేతులు కొంగుకు తుడుచుకుంటూ నావైపు చూసింది. ఆ ముఖం తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

తువ్వాల మీదివి చూపిస్తూ నెమ్మదిగా అంది: "అన్ని తోమలే బిడ్డా. నల్లగున్న నాలుగే తోమిన. కడమయి తెల్లగనే ఉన్నయి, గవి తోముడెందుకని ఇడిశిపెట్టిన."

మెరుస్తున్నవాటిలో ఒకటి తిప్పి చూశాను. గీత ఉంది. రెండోదానికీ ఉంది. నాలుగింటికీ ఉంది. అరిగిపోయిన నాలుగింటిలో ఒక్కదానికీ లేదు. పూత నిలిచింది. ఆమెకు గీతల సంగతి తెలియదు, తెలిసిందల్లా వెండి.

అవ్వను పట్టుకుని వసారా అంతా గిరగిరా తిప్పాను. "ఇడువే, నడుము పట్టుకుంటది" అంటూనే నవ్వింది. సంగతి విడమరిచి చెబితే శ్రద్ధగా విని, కడియాలు నా ముందుకు జరిపింది.

"మరి గా పూతేదో నా కడియాలకు పెట్టరాదు. ఏటేటా ఈ తోముడు తప్పుతది."

"పెడతనవ్వా" అన్నాను.

ఆ సాయంత్రం టెంటు ముందు కాళ్లకు ఆ కడియాలతో ఆమె, పక్కన నేను, చేతులు నొప్పి పుట్టేదాకా బతుకమ్మ ఆడాం. మా ల్యాబులో పూత వేసే యంత్రంలో కడియం పట్టదని అప్పుడు చెప్పబుద్ధి కాలేదు, తర్వాత చెప్పే వీలు దొరకలేదు. ఆ కడియాలు ఇప్పుడు నా దగ్గరే ఉన్నాయి. ఏటా బతుకమ్మకు ముందు చింతపండు నానబెట్టి నేనే తోముతున్నాను.